సముద్రము దాటిన తెలుగు సంఘము – కులము



నూరు సంవత్సరముల దేవుని నడిపింపును స్మరించుకొను ఈ సంచికలో మన గుడులను గూర్చి, పాఠశాలలను, ఆసుపత్రులను గూర్చి, దొరలు, దొరసానులు, ఉపదేశులు, బైబిలు స్త్రీలు చేసిన సేవను గూర్చి పెద్దలు వ్రాయుచున్నారు. అది ఎంతో అవసరము. అయితే తెలుగు సంఘ చరిత్ర ఏ అధ్యక్ష మండలపు సరిహద్దులోను ముగిసిపోయేది కాదు. ఆకలి వలనను, అప్పుల వలనను ఓడలెక్కి వెళ్ళిన తెలుగువారు తమతో బైబిలును, కీర్తనలను, తమ కులమును కూడ తీసికొని వెళ్ళారు. ఆ మూడింటిలో ఏది నిలిచినది, ఏది కరిగినది అని విచారించుటకే మేము ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మన కాలములో ఈ ప్రశ్నకు మరింత బరువు వచ్చినది. కువైటు, దుబాయి, లండను, అమెరికా, ఆస్ట్రేలియాలలో బిడ్డలు లేని సంఘము నేడు అరుదు. "అక్కడ కులము లేదు" అని కొందరు, "అక్కడా ఇదే వరుస" అని కొందరు చెప్పుచున్నారు. సముద్రము దాటితే కులము పోవునా? బాప్తిస్మము పొందితే పోవునా? ఈ ప్రశ్నకు నూట అరువది సంవత్సరములకు పైబడిన చరిత్ర జవాబు చెప్పుచున్నది. దక్షిణాఫ్రికాలోని నేటాలు ప్రాంతము ఇందుకు మంచి సాక్ష్యము.

ఓడ పట్టీలోని గడి

బ్రిటిషు సామ్రాజ్యములో 1834లో బానిసత్వము రద్దయినది. చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. మన దేశమునుండి ఒప్పందపు కూలీలను మారిషస్సు ద్వీపమునకు 1834 నుండియు, నేటాలుకు 1860 నుండియు పంపసాగారు. మద్రాసులో బయలుదేరిన 'ట్రూరో' అను ఓడ 342 మందితో 1860 నవంబరు 16న డర్బను రేవు చేరినది. అప్పటినుండి 1911లో ఈ పద్ధతి ఆగువరకు నేటాలుకు 1,52,000 మందికి పైగా వెళ్ళారు. వారిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు మద్రాసు రేవునుండి వెళ్ళినవారే. అందులో విశాఖపట్నము, గోదావరి ప్రాంతములవారు, అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండిన చిత్తూరు వైపు తెలుగువారు అనేకులు.

ఒప్పందము అయిదు సంవత్సరములు. మొదటి సంవత్సరము నెలకు పది షిల్లింగులు కూలి, ఏటికొక షిల్లింగు పెంపు, బియ్యము మొదలైన దినుసులు ఇచ్చుట అందలి షరతులు. ఓడ ఎక్కు ప్రతి మనిషిని పట్టీలో వ్రాసేవారు. సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది గుర్తులు – ఇవి ఆ పట్టీలోని గడులు. ఆ పట్టీలు నేటికిని భద్రముగా ఉన్నవి. పరిశోధకులు వాటిని చదివి గ్రంథములు వ్రాసియున్నారు.

ఇక్కడ మనము గమనించవలసిన సంగతి ఒకటి గలదు. క్రైస్తవుడు వచ్చినప్పుడు గుమాస్తా అతని మతమును "కులము" అను గడిలోనే వ్రాసేవాడు. ఇతరులకు కాపు, మాల, వన్నియ అని వ్రాసిన చోటనే ఇతనికి "క్రిష్టియన్" అని వ్రాయబడినది. విశ్వాసము ఒక కులముగా నమోదయినది. ఇది పరదేశపు గుమాస్తా తెలియక చేసిన పొరపాటని త్రోసివేయుటకు వీలు లేదు. మన పల్లెలలో నేటికిని "మీరేమిటోళ్ళు?" అని అడిగినప్పుడు "క్రిష్టియన్లమండి" అని జవాబు వచ్చును. అడిగినవాడు దానిని మతము పేరుగా వినడు. వాడకట్టు పేరుగానే వినును. ఆ పట్టీలోని గడి మన పల్లె మాటలో ఇంకను ఉన్నది.

కుండ ఒక్కటైనప్పుడు

నల్లనీళ్ళు దాటినవాడు కులభ్రష్టుడగునని పూర్వులు నమ్మేవారు. నేటాలులో కులమునకు నిజముగా గట్టి దెబ్బ తగిలినది. అయితే ఆ దెబ్బ నీళ్ళ వలన తగిలినది కాదు, అక్కడి బ్రదుకు వలన తగిలినది.

మద్రాసు డిపోలో అన్ని కులములవారును ఒకే ఆవరణములో ఉండవలసి వచ్చినది. ఓడలో ఒకే వంటశాల. తోటలోని బ్యారక్కులలో ప్రక్క ప్రక్క గదులు. చెరకు నరుకుటకు కాపు అని, కమ్మరి అని, మాదిగ అని భేదము లేదు. సర్దారు కేక వేసినప్పుడు అందరును కత్తి పట్టవలసినదే. ఊరికి వెలుపల ఒక పేట లేదు, వేరొక బావి లేదు. స్త్రీలు తక్కువ. నూరుగురు పురుషులకు కనీసము నలుబదిమంది స్త్రీలుండవలెనని నిబంధన ఉండినదనగా, పురుషులలో సగముకంటె ఎక్కువమందికి ఆ స్థలములో భార్య దొరకుట దుర్లభమని అర్థమగుచున్నది. అందువలన ఇంటి పెద్దలు ఎన్నడును ఒప్పుకొనని వివాహములు అక్కడ జరిగినవి.

వంశపారంపర్యమైన పని, వేరుగా ఉండు నివాసము, వేరుగా భుజించు పంక్తి, లోపలనే జరుగు పెండ్లి – ఈ నాలుగు స్తంభములమీద మన దేశములో కులము నిలిచియున్నది. నేటాలు తోటలలో ఈ నాలుగును ఒక్కసారే కదిలిపోయినవి. నాయుడు, రెడ్డి, పిళ్ళై వంటి బిరుదులు కార్యాలయపు పుస్తకములలో ఇంటిపేర్లుగా మారినవి. తమ ఊరిలో ఆ పేరు పెట్టుకొనుటకు ధైర్యము చేయజాలనివారు కూడ అక్కడ పెట్టుకొన్నారు. కొన్ని తరములు గడచునప్పటికి ఆ పేరు మనిషి భాషను తెలిపేదే గాని కులమును నిశ్చయముగా తెలిపేది కాకపోయినది.

దీనికి ఎదురు సాక్ష్యము అదే దేశములో ఉన్నది. కూలీల వెనుక గుజరాతు వర్తకులు స్వంత ఖర్చుమీద వెళ్ళారు. వారు అంగళ్ళు పెట్టుకొన్నారు, స్వగ్రామముతో రాకపోకలు నిలుపుకొన్నారు, పెండ్లి కూతుండ్రను స్వదేశమునుండి తెచ్చుకొన్నారు. వారిలో కుల నియమములు కూలీలలో కంటె ఎంతో కాలము నిలిచినవి. సముద్రము అదే, దేశము అదే, ప్రభుత్వమును అదే. భేదము బ్రదుకులో ఉండినది. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. నేటి మన బిడ్డల సంగతికి వచ్చినప్పుడు ఇది మరల అవసరమగును.

డర్బనులో ఒక ఇల్లు

తోటలలో కులము సడలినను, మనస్సులలోనుండి తొలగిపోలేదు. దీనికి గాంధీగారి ఆత్మకథలోనే సాక్ష్యమున్నది. 1898 ప్రాంతములో డర్బనులోని వారి ఇంటిలో గుమాస్తాలు కూడ నివసించేవారు. గదులలో ఉంచిన మూత్రపు పాత్రలను ఇంటివారే శుభ్రము చేయు ఏర్పాటు ఉండినది. క్రొత్తగా వచ్చిన ఒక గుమాస్తా పంచమ తలిదండ్రులకు పుట్టిన క్రైస్తవుడు. ఇతరుల పాత్రలు తీసిన కస్తూరిబా గారికి అతని పాత్ర తీయుట దుస్సహమైనది. ఆమె కన్నీళ్ళతో తీసికొని పోవుచుండగా, సంతోషముతోనే చేయవలెనని గాంధీగారు కోపించి ఆమెను ఇంటినుండి గెంటివేయబోయారు. తరువాత తన కోపమునకు తానే సిగ్గుపడి ఆయన ఈ సంగతిని లోకమునకు తెలిపారు.

ఈ కథను చెప్పువారు సాధారణముగా భార్యాభర్తలను గూర్చియే చెప్పుదురు. మనము ఆ గుమాస్తాను గూర్చి కూడ ఆలోచింతము. అతడు చదువుకొన్నవాడు. ఇంగ్లీషు కాగితములు వ్రాయువాడు. క్రైస్తవుడు. పుట్టిన ఊరికి వేల మైళ్ళ దూరములో ఉన్నవాడు. అయినను అతని తలిదండ్రులు ఎవరో ఆ ఇంటిలో తెలిసియే యున్నది. బాప్తిస్మమును, సముద్రమును రెండును దాటిన తరువాత కూడ కులము అతని గది వాకిటివరకు వెంబడించినది.

కాపరి కొరకు ఎదురు చూచిన మంద

ట్రూరో ఓడలోనే క్రైస్తవులుండిరి. రోమన్ కతోలికులకు డర్బనులో సబోను అను ఫ్రెంచి గురువు పరిచర్య చేసాడు. సింహళములో పనిచేసిన వెస్లియను మిషనరీ రాల్ఫు స్టాటు 1862లో నేటాలు వచ్చి భారతీయుల మధ్య సేవ ప్రారంభించాడు. ఆంగ్లికను సంఘమువారి సెయింటు ఐడన్సు మిషను డాక్టరు బూతు నాయకత్వములో పాఠశాలలు, వైద్యము నడిపినది. ఈ పనిలో ఎక్కువగా వాడుకలో ఉండినది తమిళము. తెలుగు తోటవాడు తన భాషలో వాక్యము వినుట అరుదు.

ఈలోగా ఇక్కడ తెలుగు దేశములో గొప్ప సంగతులు జరిగినవి. 1876–78 కరువు తరువాత ఒంగోలు ప్రాంతములో వేలకొలది జనులు, ముఖ్యముగా మాదిగలు, బాప్టిస్టు సంఘములో చేరారు. 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందుట మిషను చరిత్రలో ప్రసిద్ధము. అంతకు ముందే ఒంగోలులో ఒక పరీక్ష వచ్చినది. పై కులములవారు కొందరు, అంటరానివారిని చేర్చుకొనకుండిన యెడల తాము వచ్చెదమన్నారు. క్లౌ దొరగారును, దొరసానిగారును వేరు వేరు గదులలో ప్రార్థించి, ఒకరికి తెలియక ఒకరు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములోని అదే భాగమును తెరచారని, దానినిబట్టి బీదవారిని చేర్చుకొనుటకే నిశ్చయించారని దొరగారి జీవిత చరిత్రలో ఉన్నది.

ఈ ఉద్యమపు కాలములోనే తెలుగు బాప్టిస్టులు కొందరు నేటాలు తోటలకు వెళ్ళారు. వారి స్థితి నెల్లూరు ప్రాంతపు సంఘములకు తెలిసినది. అప్పుడు తెలుగు బాప్టిస్టులు తమ స్వదేశ మిషను సొసైటీ ద్వారా జాన్ రంగయ్య గారిని 1903లో పంపారు. తెలుగు బాప్టిస్టు సంఘములు సముద్రము దాటించి పంపిన మొదటి మిషనరీ ఆయనే. ఆ సంవత్సరము డిసెంబరులో కియర్స్నీ అను తేయాకు తోటలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘము స్థాపించబడినది. ఆ తోట హ్యూలెట్టు అను వెస్లియను భక్తునిది. రంగయ్యగారు తోటనుండి తోటకు తిరిగి సంఘములు కట్టి, 1915లో ప్రభువునందు నిద్రించారు.

ఆ 1903వ సంవత్సరమే తిరునెల్వేలి క్రైస్తవులు అజరయ్యగారు మొదలైనవారి పూనికతో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించి, మన తెలుగు దేశములోని దోర్నకల్లుకు సువార్తికులను పంపుటకు పూనుకొన్నారు. ఒక ప్రక్క తమిళ సంఘము తెలుగువారి కొరకు, మరియొక ప్రక్క తెలుగు సంఘము నేటాలు కూలీల కొరకు చేయి చాచినది. సువార్త దొరలు తెచ్చినదే గాని మనవారు ఎక్కడికిని తీసికొని పోలేదని వాదించువారికి ఇది జవాబు.

కియర్స్నీ సంఘమును "తెలుగు" సంఘమని పిలిచారు. మన పల్లెలలో ఆ కాలమున మాలలు ఒక మిషనులో, మాదిగలు మరియొక మిషనులో చేరుట, ఒకే ఊరిలో రెండు గుడులు లేచుట తరచుగా జరిగినది. నేటాలు తోటలో ఆ భేదమునకు ఆధారము లేకపోయినది. తెలుగు అను మాట కులము స్థానములో నిలిచి, పరాయి దేశములో ఒకరినొకరు పట్టుకొనుటకు ఆధారమైనది.

కులము గడి పోయి, జాతి గడి

అయినను నేటాలు చరిత్రను పరలోకపు బొమ్మగా చిత్రించుట సత్యము కాదు. 1950లో దక్షిణాఫ్రికా ప్రభుత్వము జనులందరిని జాతులుగా నమోదు చేయు చట్టమును, ఏ జాతివారు ఏ ప్రాంతములో ఉండవలెనో నిర్ణయించు గ్రూప్ ఏరియాస్ చట్టమును చేసినది. తెలుగు, తమిళ, గుజరాతీ, హిందువు, ముస్లిము, క్రైస్తవుడు – అందరును ఒకే గడిలో పడ్డారు. డర్బనులో అనేక కుటుంబములను ఇండ్లు ఖాళీ చేయించి చాట్స్‌వర్తు వంటి పేటలకు తరలించారు. మన దేశములో ఊరు, వాడ అని ఉండినది. అక్కడ ప్రభుత్వమే వాడలు కట్టినది. ఒకే ప్రభువును ఆరాధించువారు చర్మపు రంగునుబట్టి వేరు గుడులలో కూర్చున్నారు. 1991లో ఆ నమోదు చట్టము రద్దయినది. 1994 ఏప్రిలులో అన్ని జాతులవారును కలిసి వోటు వేసారు. మనుష్యులను గడులలో వేయు దురాశ ఒక గడి చెరిపితే మరియొక గడి గీయునని దీనివలన నేర్చుకొనుచున్నాము.

మారిషస్సు చరిత్ర ఇంకొక విధమైనది. అక్కడి జనాభా లెక్కల మతపు పట్టికలో హిందువులు, తమిళులు, తెలుగువారు, మరాఠీలు వేరు వేరు పేర్లతో లెక్కింపబడుచున్నారు. అనగా "తెలుగు" అనునది అక్కడ ఒక మతము పేరువలె వ్రాయబడుచున్నది. అటువంటి చోట క్రీస్తును అంగీకరించిన తెలుగువాడు తన తెలుగుతనమును విడిచినట్లు లెక్కయగు ప్రమాదమున్నది. ఒక దేశములో క్రైస్తవమును కులపు గడిలో వ్రాసారు, మరియొక దేశములో భాషను మతపు గడిలో వ్రాసారు. నలిగినది విశ్వాసియే.

నేటి ప్రయాణికులు

ఇప్పుడు మన బిడ్డల సంగతికి వచ్చెదము. గల్ఫు దేశములకు వెళ్ళినవారు నాటి తోటకూలీలను కొంత పోలియున్నారు. ఒకే గది, ఒకే వంట, శుక్రవారపు ఆరాధన. తెలుగు ఆరాధన ఎక్కడ జరిగితే అక్కడికే పోవుదురు. ప్రక్కన కూర్చున్నవాడు ఏ జిల్లావాడని అడుగుదురు గాని, ఎక్కువ విచారణకు వీలుండదు.

ఇంగ్లండు, అమెరికా వెళ్ళినవారు నాటి గుజరాతు వర్తకులను పోలియున్నారు. స్వంత ఖర్చుమీద, కుటుంబముతో వెళ్ళుచున్నారు. స్వగ్రామముతో దినదినము ఫోనులో మాటలాడుచున్నారు. పెండ్లి సంబంధములు ఇక్కడనుండియే కుదురుచున్నవి. కనుక కులము కూడ చెడకుండ చేరుచున్నది. దీనికి ఆ దేశపు శాసనసభలే సాక్ష్యము. ఇంగ్లండులో 2010 సమానత్వ చట్టమున కులమును చేర్చుటకు వీలు కల్పించారు. 2013లో చేర్చవలసినదేనని పార్లమెంటు నిర్ణయించినది. 2018లో ప్రభుత్వము ఆ ఆలోచనను విరమించి, న్యాయస్థానముల తీర్పులే చాలునన్నది. అమెరికాలో సియాటిల్ నగర సభ 2023 ఫిబ్రవరి 21న కుల వివక్షను నిషేధించినది. ఆ దేశపు నగరములలో ఇది మొదటిది. అదే సంవత్సరము కాలిఫోర్నియా శాసనసభ అటువంటి బిల్లును ఆమోదించగా, ఉన్న చట్టములే చాలునని గవర్నరు అక్టోబరులో దానిని త్రిప్పి పంపారు.

ఈ వాదములలో "మేము క్రైస్తవులము, ఇది మా సంగతి కాదు" అని కొందరు విశ్వాసులు ప్రక్కకు తప్పుకొనుచున్నారు. అట్లు తప్పుకొనుట సాధ్యము కాదు. తెలుగు క్రైస్తవుల పెండ్లి ప్రకటనలలో మతము ప్రక్కన కులము పేరుకూడ కనబడుట అందరికిని తెలిసినదే. వేదికమీద గలతీయుల పత్రిక మూడవ అధ్యాయము ప్రసంగించి, ఇంటిలో జాతకము బదులు కులము చూచుట మనము ఎరుగని సంగతి కాదు.

ఇక్కడ ఒక వివేచన అవసరము. అణచబడినవాడు తన కులము చెప్పి న్యాయము అడుగుట వేరు. అధికుడు తన కులము చెప్పి బల్లయొద్ద దూరముగా కూర్చుండుట వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల హక్కు మొదట హిందువులకే ఉండినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించినది. క్రైస్తవులకు విస్తరించలేదు. మన రాష్ట్రములలో అట్టి క్రైస్తవులు వెనుకబడిన తరగతులలో 'సి' వర్గముగా ఒక్క శాతములో లెక్కింపబడుచున్నారు. కనుక "క్రైస్తవులలో కులము లేదు" అను మాట కొన్నిసార్లు విశ్వాసపు మాటగా కాక, బాధపడువాని నోరు మూయు మాటగా పనిచేయును. కులము లేదని చెప్పుటకంటె, కులము చేసిన గాయము ఇదియని ఒప్పుకొని కట్టు కట్టుట సంఘము పని.

మనకు పాఠము

ఈ చరిత్రనుండి మేము గ్రహించినది ఒక్కటే. సముద్రము కులమును కడగదు. నీటి బాప్తిస్మము కూడ, జీవితమార్పు లేనియెడల, దానిని తానుగా కడగదు. పని, నివాసము, భోజనము, వివాహము అను నాలుగు స్థలములలో మనుష్యులు కలిసినప్పుడే అది సడలును. నేటాలు కూలీలను ఆ నాలుగింటిలో కలిపినది లేమి, తోట యజమానుని కొరడా. వారు బలవంతముగా కలిసిన చోట మనము ప్రేమవలన కలియగలమా? ఇదే మనయెదుట ఉన్న ప్రశ్న.

ఇందుకు సంఘములు చేయదగినవి కొన్ని ఉన్నవి. పండుగ ప్రేమవిందులు ఏ పేటవారు ఆ పేటలో కాక, ఒకే పంక్తిలో జరుగవలెను. కులాంతర వివాహము చేసికొను యౌవనస్థుల ప్రకటనలు గుడిలో చదివినప్పుడు, సంఘపెద్దలే ముందుగా వారి ప్రక్క నిలువవలెను. సంఘ కమిటీ ఎన్నికలలో కులము లెక్కపెట్టుట మానవలెను. సమాధుల తోటలో వరుసలు వేరుగా ఉన్నచోట, ఆ గోడను తీసివేయవలెను. విదేశములలోని మన బిడ్డలకు ఉత్తరము వ్రాయునప్పుడు, జీతము ఎంత అని అడిగినట్లే, నీతో కూడ ఎవరు భుజించుచున్నారని కూడ అడుగవలెను.

కియర్స్నీ తోటలోని సోదరులు గొప్ప చదువులు చదివినవారు కారు. రోజు కూలి చేసి, సాయంకాలము తమ భాషలో కీర్తన పాడుకొనుటకు ఒక కాపరిని కోరుకొన్నారు. తమ కులము పేరుమీద కాక, తమ భాష పేరుమీద, ప్రభువు పేరుమీద సంఘము కట్టుకొన్నారు. రాబోవు నూరు సంవత్సరములలో మన అధ్యక్ష మండలమును గూర్చి వ్రాయువారు, "వీరు ఒకే బల్లయొద్ద కూర్చున్నారు" అని వ్రాయగలుగునట్లు ప్రభువు మనకు కృప ననుగ్రహించును గాక. ఆమేన్.